గేరు మార్చాక ఇంజను మొరాయిస్తోందా? ముందు టైమింగు చూడండి

ఉభాల రోజుల్లో ఆయిల్ ఇంజను ఆగిపోతే రైతుకు కంటి మీద కునుకుండదు. ఆకుమడిలో నారు ముదిరిపోతుంటుంది. స్వర్ణ వంటి దీర్ఘకాలిక రకాల నారు సుమారు 25-30 రోజుల వయసులో ఊడిస్తే పిలకలు బాగా తొడుగుతాయి. వయసు దాటిన నారు ఎంత దగ్గరగా నాటినా ఆ లోటు పూర్తిగా తీరదు. బొబ్బిలి ప్రాంతంలో వేగావతి ఒడ్డున గాని, గెడ్డల పక్కన గాని, కరెంటు లైను చేరని మడులున్న వారికి ఇంజను నడిస్తేనే ఉభాలు.

సరిగ్గా అలాంటప్పుడే తరచు వచ్చే చిక్కు ఒకటుంది. ఇంజను లోపల చప్పుడొస్తోందని షెడ్డుకు తీసుకెళతారు. టైమింగు గేరు పళ్లు అరిగిపోయాయని కొత్తది వేస్తారు. అన్నీ బిగించి హ్యాండిల్ తిప్పితే ఇంజను అందుకోదు. అందుకున్నా తెల్లటి పొగ చిమ్ముతుంది, లేదా హ్యాండిల్ వెనక్కి తంతుంది. అప్పుడు "పంపు పోయింది, నాజిల్ పోయింది" అనే మాట వినబడుతుంది. నిన్నటిదాకా పనిచేసిన పంపు గేరు మార్చిన రోజే ఎందుకు పోతుంది? పాత పంపును అనుమానించే ముందు కొత్త గేరును అనుమానించాలి. పంపు కొనాలంటే వేలు కావాలి. టైమింగు చూసుకోవడానికి ఒక పూట, ఒక టేపు, ఒక సుద్దముక్క చాలు.

టైమింగు అంటే ఏమిటి?

మన పంపుసెట్ల డీజిల్ ఇంజన్లు నాలుగు స్ట్రోకులవి. గాలి పీల్చడం, దాన్ని నొక్కడం, డీజిల్ మండి పిస్టన్‌ను తోయడం, పొగ వదలడం. ఈ నాలుగు పనులూ పూర్తయ్యేసరికి క్రాంకు రెండు చుట్లు తిరుగుతుంది. వాల్వులు తెరిచి మూసే క్యామ్ షాఫ్టు మాత్రం ఒక్క చుట్టే తిరగాలి. అందుకే క్రాంకు గేరుకు ఎన్ని పళ్లుంటే క్యామ్ గేరుకు దానికి రెట్టింపు ఉంటాయి. ఈ రెండు గేర్లూ ఏ పన్ను దగ్గర కలవాలో ఆ పన్ను దగ్గరే కలవాలి. దానికే గుర్తులు కొడతారు.

ఒక్క పన్ను తేడా వస్తే ఏమవుతుందిలే అనుకోవద్దు. క్యామ్ గేరుకు 50 పళ్లున్నాయనుకుందాం. ఒక చుట్టు 360 డిగ్రీలు కనుక ఒక్కో పన్ను 7.2 డిగ్రీలు. క్రాంకు దానికి రెట్టింపు తిరుగుతుంది కాబట్టి పిస్టన్ లెక్కలో తేడా 14.4 డిగ్రీలు. పిస్టన్ పై చివరకు చేరడానికి సుమారు 20 నుంచి 27 డిగ్రీల ముందు డీజిల్ పడటం మొదలవడం ఈ ఇంజన్లలో మామూలు. మీ ఇంజనుకు కచ్చితంగా ఎంతో కంపెనీ పుస్తకంలో గాని రేకు మీద గాని ఉంటుంది. చాలా ఒంటి సిలిండరు ఇంజన్లలో పంపును నడిపేది కూడా ఆ క్యామ్ షాఫ్టే. 23 డిగ్రీల దగ్గర పడాల్సిన డీజిల్ ఒక పన్ను వెనక పడితే 9 డిగ్రీల దగ్గర పడుతుంది. ముందు పడితే 37 డిగ్రీల దగ్గరే పడుతుంది. మొదటి దానివల్ల తెల్ల పొగ, రెండో దానివల్ల హ్యాండిల్ తన్ను.

నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజను ఒక్క సెకనులో 9000 డిగ్రీలు తిరుగుతుంది. 650 చుట్ల పాత లిస్టర్ రకం ఇంజను అదే సెకనులో 3900 డిగ్రీలే తిరుగుతుంది. నెమ్మది ఇంజను కొంత తేడాను ఓర్చుకుని దడదడలాడుతూనైనా నడుస్తుంది. కొత్త ఇంజన్లకు ఆ ఓర్పు లేదు. "మా నాన్నగారి ఇంజను ఎలా బిగించినా నడిచేది" అనేవారు ఈ తేడా గమనించాలి.

విప్పే ముందే సగం పని

పక్క మూత తీయగానే గేర్లు పీకేయకూడదు. ఫ్లైవీల్‌ను మెల్లగా తిప్పి గుర్తులు ఎదురెదురుగా తెచ్చుకోవాలి. చాలా ఇంజన్లలో క్రాంకు గేరు పన్ను మీద ఒక చుక్క, క్యామ్ గేరు మీద పక్కపక్క పళ్లపై రెండు చుక్కలు ఉంటాయి. ఆ ఒక్క చుక్క పన్ను ఈ రెండు చుక్కల పళ్ల మధ్యలో కూర్చోవాలి. పక్క సందులో కూర్చుంటే పైపైన చూసినవారికి కలిసినట్టే కనిపిస్తుంది. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. గుర్తులు అరిగిపోయి ఉంటే సెంటరు పంచితో కొత్తవి కొట్టుకోవాలి. పెయింటు గుర్తు కిరోసిన్‌తో కడగ్గానే పోతుంది.

హెడ్డు కూడా విప్పితే మరో మంచి అవకాశం. పిస్టన్ కంటికి కనిపిస్తుంది కనుక అది పై చివరకు చేరినప్పుడు ఫ్లైవీల్ మీది గుర్తు సూచికకు ఎదురుగా ఉందో లేదో సరిచూసుకోవచ్చు. పై చివర దగ్గర ఫ్లైవీల్ కొంత తిరిగినా పిస్టన్ కదిలినట్టే ఉండదు. కాబట్టి కంటి అంచనా వద్దు. పిస్టన్ పైకి వస్తున్నప్పుడు సిలిండరు అంచుకు ఒక సెంటీమీటరు దిగువన ఉండగా ఫ్లైవీల్ మీద సుద్దతో ఒక గీత గీయాలి. పై చివర దాటి దిగుతూ అదే ఒక సెంటీమీటరుకు వచ్చినప్పుడు రెండో గీత గీయాలి. రెండింటికీ నట్టనడుమ ఉన్నదే అసలు పై చివర. మెకానిక్కులు దీన్నే టి.డి.సి. అంటారు.

కొత్త గేరు కొన్నప్పుడు పాతదాన్ని షెడ్డులో వదిలేసి రావద్దు. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడాలి. పళ్ల సంఖ్య, వాలు, కీ గాడి, గుర్తు, అన్నీ కలవాలి. కంపెనీది కాని చవక గేర్లలో కీ గాడికీ గుర్తుకూ మధ్య దూరం తప్పి ఉండవచ్చు. అప్పుడు గుర్తులు ఎంత చక్కగా కలిపినా టైమింగు కలవదు. ఈ పరీక్షకు రెండు నిమిషాలు కూడా పట్టదు. కొట్లోనే చేసుకోవడం మేలు, తిరిగిచ్చేయవచ్చు.

బిగించాక స్టార్టు కాకపోతే

వెంటనే మళ్లీ మూత విప్పనక్కర లేదు. విప్పి బిగించిన ఇంజనులో డీజిల్ గొట్టాల్లో గాలి నిలవడం సహజం. ముందు గాలి తీసేయాలి. తర్వాత ట్యాపెట్ల సందు చూడాలి. సందు అసలు లేకుండా బిగించేస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ దొరకదు. కంప్రెషన్ లేని ఇంజనును చూసి టైమింగు తప్పిందనుకునేవారు చాలామంది. పిస్టన్ నొక్కుడు స్ట్రోకు పై చివరలో, రెండు వాల్వులూ మూసి ఉన్నప్పుడు పుస్తకంలో చెప్పిన మందం గల ఫీలరు రేకు పెట్టి సందు సరిచేయాలి.

ఈ రెండూ బాగుంటే ఇంజను చెప్పే మాట వినాలి. హ్యాండిల్ తిప్పుతుంటే ఎయిర్ ఫిల్టరు లోంచి గాలి 'బుస్సు'మని వెనక్కి తన్నితే, గాలి వాల్వు ఆలస్యంగా మూసుకుంటోందని అర్థం. తెల్ల పొగ, అందులో పచ్చి డీజిల్ వాసన ఉంటే డీజిల్ ఆలస్యంగా పడుతోంది. ఇంజను అందుకున్నాక సుత్తితో కొట్టినట్టు గట్టిగా టకటకలాడుతూ, నీళ్లు తొందరగా కాగిపోతుంటే డీజిల్ మరీ ముందుగా పడుతోంది. లోడు పడగానే నల్ల పొగ కక్కి, సైలెన్సరు విపరీతంగా వేడెక్కి, నీరు సన్నగా పోస్తుంటే ఆలస్యాన్ని అనుమానించాలి. నల్ల పొగకు ఎయిర్ ఫిల్టరు పూడుకుపోవడం, నాజిల్ కారడం కూడా కారణాలే. ఒక్క పొగను చూసి తీర్పు చెప్పకూడదు.

హ్యాండిల్ తిప్పుతుంటే ఇనుము ఇనుముకు తగిలినట్టు 'టక్'మని ఎక్కడైనా పట్టేస్తే మాత్రం ఆ క్షణమే ఆపేయాలి. డీజిల్ ఇంజనులో పిస్టన్ పై చివరకు చేరినప్పుడు హెడ్డుకూ దానికీ మధ్య సందు చాలా తక్కువ. తెరిచి ఉన్న వాల్వు పిస్టన్‌కు తగిలి వంగుతుంది, పుష్ రాడ్లు వంకరపోతాయి. బలమైనవారిని పిలిచి "ఇంకో పట్టు పట్టు బాబూ" అనడం ఇక్కడ పనికిరాదు. అందుకే గేరు మార్చిన ఇంజనును మొదటిసారి డికంప్రెషన్ లివరు ఎత్తి, చేత్తో మెల్లగా, కనీసం రెండు పూర్తి చుట్లు తిప్పి చూశాకనే స్టార్టు చేయాలి.

టేపుతో రెండు కొలతలు

తప్పు గేరులో ఉందా, పంపు సెట్టింగులో ఉందా? మూత విప్పకుండానే తేల్చుకోవచ్చు. దీనికి రెండు కొలతలు కావాలి.

మొదటిది వాల్వులది. రాకర్ల మూత తీసి, ఫ్లైవీల్‌ను ఇంజను తిరిగే దిశలోనే మెల్లగా తిప్పాలి. పొగ వాల్వు మూసుకోబోతూ, గాలి వాల్వు అప్పుడే తెరుచుకుంటున్న క్షణం ఒకటి వస్తుంది. రెండు రాకర్లూ తక్కెడ సిబ్బెల్లా ఒకటి లేస్తూ ఒకటి దిగుతూ ఉంటాయి. చాలా ఇంజన్లలో ఈ క్షణం పై చివర దగ్గరే రావాలి. అక్కడ ఆపి, పై చివర గుర్తు సూచికకు ఎంత దూరంలో ఉందో కొలవాలి.

రెండోది డీజిల్‌ది. పంపు నుంచి నాజిల్‌కు వెళ్లే గట్టి గొట్టం విప్పాలి. పంపు లివరును పూర్తి డీజిల్ వైపు ఉంచాలి. ఇంజనును నొక్కుడు స్ట్రోకులో మెల్లగా తిప్పుతూ, పంపు మూతి దగ్గర నిలిచిన డీజిల్ బొట్టును వేలితో తుడిచి మట్టంగా చేసి, దాన్నే చూస్తుండాలి. డీజిల్ మట్టం చలించి పైకి ఉబ్బడం మొదలైన క్షణాన ఆపాలి. డీజిల్ పంపడం మొదలయ్యేది అక్కడే. అక్కడి నుంచి పై చివర గుర్తు సూచికకు చేరడానికి ఇంకా ఎంత దూరం ఉందో ఫ్లైవీల్ అంచు మీద టేపుతో కొలవాలి. ఆపబోయి దాటిపోతే అక్కడికక్కడ వెనక్కి తిప్పి సరిపెట్టరాదు. గేర్ల మధ్య ఆట వల్ల కొలత తప్పుతుంది. పావు చుట్టు వెనక్కి పోయి మళ్లీ ముందుకు రావాలి.

సెంటీమీటర్లను డిగ్రీల్లోకి మార్చడం తేలిక. ఫ్లైవీల్ చుట్టుకొలతను 360తో భాగిస్తే ఒక డిగ్రీ ఎంతో వస్తుంది. అడ్డుకొలత 60 సెంటీమీటర్లున్న ఫ్లైవీల్ చుట్టుకొలత 188.5 సెంటీమీటర్లు. అంటే డిగ్రీకి అర సెంటీమీటరు పైచిలుకు, 20 డిగ్రీలకు పదిన్నర సెంటీమీటర్లు. 50 పళ్ల క్యామ్ గేరులో ఒక పన్ను తప్పితే ఈ ఫ్లైవీల్ మీద ఏడున్నర సెంటీమీటర్ల తేడా కనిపిస్తుంది. 40 సెంటీమీటర్ల చిన్న ఫ్లైవీల్ అయితే ఐదు సెంటీమీటర్లు.

ఇప్పుడు రెండు కొలతలూ పక్కపక్కన పెట్టి చూడండి. వాల్వులూ, డీజిలూ రెండూ ఒకే వైపుకు, దాదాపు ఒకే కొలత మేరకు తప్పి ఉంటే గేరు పన్ను తప్పింది. మూత విప్పాల్సిందే. వాల్వులు సరిగా ఉండి డీజిల్ ఒక్కటే తప్పితే గేరు జోలికి పోవద్దు, పంపు సెట్టింగు సరిచేస్తే చాలు. రెండూ సరిగా ఉంటే టైమింగుకు దోషం లేదు. నాజిల్, కంప్రెషన్, ఫిల్టరు వైపు చూడాలి. సాలూరు లోనో విజయనగరం లోనో డీజిల్ పంపు పనివారి దగ్గరకు పరుగెత్తడానికి ముందు ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి పట్టుకెళితే వారికీ పని తేలిక, మీకూ అనవసర ఖర్చు తప్పుతుంది.

పంపు సెట్టింగు సరిచేయడం ఇలా. పంపు కింద పలుచని రేకులు, అంటే షిమ్ములు ఉంటే, ఒక రేకు తీస్తే డీజిల్ ముందుగా పడుతుంది, చేర్చితే ఆలస్యమవుతుంది. ట్యాపెట్ మరతో సరిచేసే రకమైతే మరను పైకి పొడిగిస్తే ముందుకు, దించితే వెనక్కి. ప్రతిసారీ మార్చాక మళ్లీ కొలవాలి.

పాత సరిపెట్టుబాటు కొత్త గేరుకు చెల్లదు

గేరు, క్యామ్, ట్యాపెట్ అరుగుతున్న కొద్దీ డీజిల్ కాస్త ఆలస్యంగా పడుతుంది. ఎప్పుడో ఒక మెకానిక్ రేకు తీసి దాన్ని సరిపెట్టి ఉంటాడు. ఇంజను నడిచింది కనుక అంతా మరిచిపోతారు. ఇప్పుడు అరిగినవన్నీ తీసి కొత్తవి వేశాక ఆ రేకు లోటు అలాగే ఉంటుంది. కొత్త సామాను, పాత సరిపెట్టుబాటు కలిసి డీజిల్‌ను మరీ ముందుకు తెస్తాయి. గుర్తులన్నీ కలిసినా టకటక ఆగదు. చెయిను ఉండే ఇంజన్లలో ఇది మరీ ఎక్కువ. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కారు పెట్రోలు ఇంజనులో టైమింగు చెయినే ఉండేది. చెయిను సాగిన కొద్దీ డిస్ట్రిబ్యూటరును తిప్పి సరిపెట్టేవారు. కొత్త చెయిను వేశాక ఆ డిస్ట్రిబ్యూటరును వెనక్కి తేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గలగలమనేది.

గుర్తులు కలిసినా టైమింగు తప్పడానికి మరో కారణం అర్ధచంద్రాకారపు కీ. అది సగం తెగి ఉంటే గేరు షాఫ్టు మీద కొద్దిగా జరుగుతుంది. గేరు తీసినప్పుడు కీని బయటికి తీసి వెలుతురులో చూడాలి. మెట్టు పడినట్టు కనిపిస్తే మార్చేయాలి. ఆ చిన్న ముక్క దగ్గర పొదుపు చేయకండి.

ట్రాక్టరు, మోటారు సైకిలు

ట్రాక్టర్లలో క్రాంకుకూ క్యామ్‌కూ మధ్య ఇడ్లర్ గేరు ఉండటం వల్ల కొందరు కంగారు పడతారు. గుర్తులన్నీ కలిపి బిగించి, రెండు చుట్లు తిప్పి చూస్తే ఇడ్లర్ గుర్తు ఎక్కడో ఉంటుంది. అది తప్పు కాదు. ఉదాహరణకు క్రాంకుకు 25, ఇడ్లర్‌కు 37, క్యామ్‌కు 50 పళ్లుంటే మూడు గేర్ల గుర్తులూ మళ్లీ కలవడానికి క్రాంకు 74 చుట్లు తిరగాలి. అది తెలియక సరిగా ఉన్నదాన్ని విప్పి పాడుచేసుకోవద్దు. పంపుకు వేరే గేరు ఉండే ట్రాక్టర్లలో మాత్రం ఒకటో సిలిండరు నొక్కుడు స్ట్రోకు పై చివరలో ఉండగానే పంపు గేరు కలపాలి. పొగ వదిలే పై చివరలో కలిపితే డీజిల్ వేరే స్ట్రోకులో పడుతుంది, ఎంత తిప్పినా స్టార్టు కాదు. ట్రాక్టరు పని ఇంట్లో పెట్టుకోకపోవడమే మంచిది. మూత వేయక ముందు గుర్తులు చూపించమని మెకానిక్‌ను అడగండి. మంచి పనివాడు చూపించడానికి సిగ్గుపడడు.

పాలు మోసే హీరో హోండా వంటి మోటారు సైకిళ్లలో వాల్వులను నడిపేది చెయినే. మాగ్నెట్ మీది 'టి' గుర్తు దాని గాడికి, పై స్ప్రాకెట్ మీది గుర్తు హెడ్డు మీది గుర్తుకు ఎదురుగా ఉండాలి. రెండు వాల్వులూ అప్పుడు వదులుగా ఉండాలి. లాగే వైపు చెయిను బిగువుగా ఉంచి, వదులంతా టెన్షనరు వైపుకు తోయాలి. లాగే వైపు వదులు మిగిలితే టెన్షనరు నొక్కగానే గుర్తు జరిగిపోతుంది. స్ప్రాకెట్‌కు 28 పళ్లుంటే ఒక పన్ను అంటే క్రాంకు మీద 25 డిగ్రీలు దాటిపోతుంది.

పని చేసేటప్పుడు

హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనవేలును మిగతా వేళ్ల వైపే ఉంచాలి. చుట్టి పట్టుకుంటే ఇంజను వెనక్కి తన్నినప్పుడు వేలు విరుగుతుంది. తువ్వాలు, పంచె చెంగు ఫ్లైవీల్ దరికి రానీయవద్దు. నాజిల్ బయటికి తీసి పరీక్షించేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టవద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం కింద దూరిపోతుంది. బయటికి చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నూతి గట్టు దిగువన గుంటలో ఇంజను పెట్టి ఉంటే సైలెన్సరు గొట్టాన్ని పైకి తీయకుండా నడపరాదు. ఆ పొగ విషవాయువు, మనిషిని కింద కూర్చోబెట్టి మళ్లీ లేవనీయదు.

ఇంజను అందుకున్నాక మొదటి అరగంట లోడు తక్కువగా నడపాలి. ఆపి, చల్లారాక హెడ్డు నట్లు పుస్తకంలో చెప్పిన వరుసలో మరోసారి బిగించి, ట్యాపెట్ల సందు మళ్లీ చూడాలి. గేరు మార్చినప్పుడు రాలిన ఇనుప పొడి అడుగు ఆయిల్‌లోనే ఉంటుంది కనుక, ఉభాలు అయ్యేదాకా ఆగకుండా ఆ ఆయిల్‌ను తొందరగా మార్చేయాలి. కొలిచిన రెండు అంకెలనూ తేదీతో సహా పక్క మూత లోపలి వైపు పంచితో కొట్టి ఉంచితే, వచ్చే ఏడు మూత విప్పేవాడికి పనికొస్తాయి.